పళ్లెం చూశాకే సూది

హైదరాబాద్ పాతబస్తీ పెళ్లి పత్రికలో విందు రాత్రి ఎనిమిదింటికి అని అచ్చేస్తారు. చాంద్రాయణగుట్ట వైపు ఏ ఫంక్షన్ హాలుకు వెళ్లినా దస్తర్‌ఖాన్ పరిచేసరికి పదకొండు దాటడం మామూలే. మర్ఫా మోతలో బరాత్ మెల్లగా కదిలిందంటే పన్నెండూ అవుతుంది. మిగతా చుట్టాలకు అది ఆకలితో పోయే విషయం. టైప్ వన్ డయాబెటిస్ ఉన్న పిల్లకో పిల్లాడికో ప్రాణం మీదికి వచ్చే విషయం. ఇంట్లో రోజూ వేసుకునే వేళకే సూది వేసుకుని బయల్దేరితే, ఒంట్లోకి వెళ్లిన ఇన్సులిన్ బిర్యానీ వచ్చేదాకా ఆగదు. ఉన్న చక్కెరనే లాగేస్తుంది. తొమ్మిదిన్నరకల్లా చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, మాట తడబడుతుంది. చుట్టూ పాటలు, లైట్లు, జనం. ఆ పిల్ల ముఖం వంక చూసేవాళ్లు ఉండరు.

అందుకే ఈ అధ్యాయంలో నేను ముందుగా చెప్పదలచిన మాట ఇది: భోజనం సూదిని గడియారం చూసి వేసుకోకూడదు. ఏం తింటున్నారో, ఎంత తింటున్నారో, ఎప్పుడు తింటున్నారో ఖాయమయ్యాకే వేసుకోవాలి. మిగిలిన లెక్కలన్నీ దీని తర్వాతే.

గడియారం చూసి వేసుకోవలసిన సూది ఒకటుంది. గ్లార్జిన్, డెగ్లుడెక్ లాంటి నెమ్మదిగా పనిచేసే ఇన్సులిన్ అది. డాక్టర్లు బేసల్ అంటారు. తిన్నా తినకపోయినా శరీరానికి కొంత ఇన్సులిన్ అవసరం. టైప్ వన్‌లో శరీరం దాన్ని దాదాపుగా తయారు చేసుకోదు కాబట్టి బయటి నుంచే ఇవ్వాలి. పెళ్లి ఉన్నా, ఉపవాసం ఉన్నా, జ్వరం వచ్చి అన్నం సయించకపోయినా ఈ సూది మానకూడదు. మానితే రక్తంలో కీటోన్లు పేరుకుని, వాంతులు, ఆయాసంతో ఆసుపత్రి దారి పట్టాల్సి వస్తుంది. ‘ఏమీ తినలేదు కదా, సూది ఎందుకు’ అని ఇంట్లో పెద్దవాళ్లు ప్రేమతోనే అంటారు. వాళ్లను కూర్చోబెట్టి, ఏ సూది దేనికో రెండు పెన్నులూ చూపించి చెప్పాలి.

ముందు పళ్లెం, తర్వాత డోసు అన్న పద్ధతి నిన్నమొన్నటిదే. 1922 జనవరిలో టొరంటోలో లియోనార్డ్ థాంప్సన్ అనే 14 ఏళ్ల అబ్బాయికి మొదటిసారి ఇన్సులిన్ ఇచ్చారు. అంతకు ముందు ఈ జబ్బుకు ఉన్న వైద్యమల్లా దాదాపు ఆకలితో మాడ్చడమే. ఇన్సులిన్ వచ్చాక కూడా దశాబ్దాల పాటు రోగికి డోసు ఒకటి రాసిచ్చి, ఆ డోసుకు తగ్గట్టు వేళకు, కొలతకు తినమనేవారు. సూది యజమాని, మనిషి నౌకరు. 1993లో వెలువడిన డీసీసీటీ అనే పెద్ద పరిశోధన, 1,441 మందిని ఏళ్ల తరబడి గమనించి, చక్కెరను గట్టిగా అదుపులో ఉంచితే కళ్లు, మూత్రపిండాలు, నరాలు ఎంతగా నిలుస్తాయో చూపింది. అప్పటికింకా కళ్లు దెబ్బతిననివాళ్లలో కంటి జబ్బు ముప్పు 76 శాతం తగ్గింది. అదే పరిశోధనలో తీవ్రమైన ‘లో’లు, అంటే చక్కెర మరీ పడిపోవడాలు, మూడింతలు కావడం కూడా బయటపడింది. ఈ చిక్కుకు జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ వైద్యులు అంతకుముందే ఒక దారి వేసి ఉన్నారు. రోగికే లెక్క నేర్పి, తిండికి తగ్గట్టు డోసు మార్చుకోనివ్వడం. బ్రిటన్ వైద్యులు దాన్ని తెచ్చుకుని డాఫ్నే పేరుతో పరీక్షించి, 2002లో ఫలితాలు ప్రచురించారు. చక్కెర అదుపు మెరుగైంది, ‘లో’లు పెరగలేదు, మనుషులు తమకు ఇష్టమైనవి తినగలిగారు. పాతబస్తీలో బతికేవాళ్లకు ఇంతకంటే మంచి వార్త ఇంకేం కావాలి?

ఇప్పుడు లెక్క. రోజు మొత్తానికి అన్ని సూదులూ కలిపి 40 యూనిట్లు పడుతున్న ఒక అమ్మాయిని తీసుకుందాం. లిస్‌ప్రో, ఆస్పార్ట్ లాంటి వేగంగా పనిచేసే ఇన్సులిన్ వాడేవాళ్లకు డాక్టర్లు 500ను ఆ మొత్తంతో భాగిస్తారు. పన్నెండున్నర వస్తుంది. అంటే ఒక యూనిట్ సుమారు 12 గ్రాముల పిండిపదార్థాలను, అంటే కార్బ్స్‌ను సర్దుతుంది. 1,800ను భాగిస్తే 45. అంటే ఒక యూనిట్ చక్కెరను సుమారు 45 దించుతుంది. ఆ అమ్మాయి 60 గ్రాముల కార్బ్స్ తినబోతోంది, మిషన్‌లో 210 చూపించింది, చేరాల్సిన అంకె 120 అనుకుంటే, తిండికి 5 యూనిట్లు, పైనున్న 90 దించడానికి 2, మొత్తం 7. ఇవి మొదలుపెట్టడానికి పనికొచ్చే అంచనాలు మాత్రమే. మీ అంకెలు మీ ఎండోక్రినాలజిస్టు చెప్పాలి, రెండు మూడు వారాల రీడింగులు చూసి సరిదిద్దాలి. ఎదిగే వయసులో అవి నెలల్లోనే మారిపోతాయి. చాలామందికి పొద్దుటి పూట అదే తిండికి ఎక్కువ యూనిట్లు పడతాయి, కాబట్టి టిఫిన్‌కు ఒక అంకె, రాత్రి భోజనానికి ఇంకో అంకె ఉన్నా కంగారు పడకండి.

పై లెక్కలో ఒక జాగ్రత్త ఉంది. చక్కెరను దించడానికి వేసుకున్న యూనిట్లు మూడు నాలుగు గంటలు ఒంట్లో పనిచేస్తూనే ఉంటాయి. గంటన్నరకే మళ్లీ చూసుకుని, ఇంకా 230 ఉందని మరో రెండు, ఇంకో గంటకు మరో రెండు వేసుకుంటే అన్నీ ఒకదానిమీద ఒకటి పడి, తెల్లవారుజామున మంచంలోనే ‘లో’ అవుతుంది. అదే పూటలో ఇంకో వడ్డన తింటే ఆ వడ్డనకు మాత్రం డోసు వేసుకోండి. పైనున్న చక్కెరను దించే లెక్కను మళ్లీ చేయకండి.

వంటింట్లో చిన్న డిజిటల్ త్రాసు ఒకటి కొనండి. నెల రోజులు తూచితే చాలు, ఆ తర్వాత కన్నే తూస్తుంది. వండిన అన్నం 100 గ్రాముల్లో సుమారు 28 గ్రాముల కార్బ్స్ ఉంటాయి. 30 గ్రాముల పిండితో చేసిన పుల్కాలో 20 గ్రాములు. చెంచా పంచదారకు 5. మటన్, చికెన్, గుడ్డు, ఆకుకూర మామూలుగా లెక్కలోకి రావు.

పాతబస్తీ పొద్దుటి తిండి ఖిచిడీ, ఖీమా, ఖట్టాతో ఈ లెక్క మొదలుపెట్టడం సులువు. ఖీమాలో కార్బ్స్ దాదాపు లేవు, ఖట్టా నాలుగు చెంచాలే. లెక్కంతా ఖిచిడీది. దాన్ని అన్నంలాగే తూచండి, పప్పు కలిసింది కదా అని వదిలేయకండి. నల్లినిహారీతో కుల్చా తింటే కుల్చాది లెక్క. ముందు ఖీమా నాలుగు ముద్దలు తిని తర్వాత ఖిచిడీ అందుకుంటే చక్కెర కాస్త నిదానంగా ఎక్కుతుంది. మాంసమో కూరో ముందు, అన్నం వెనక అన్న ఈ క్రమానికి పైసా ఖర్చు లేదు.

చాయ్ సంగతి వేరే. చార్మినార్ పక్కన నిమ్రాలో నిలబడి తాగినా, గల్లీ చివర హోటల్లో కూర్చుని తాగినా ఇరానీ చాయ్‌లో పంచదార కలిసే వస్తుంది. రెండు చెంచాలు పడ్డాయనుకుంటే పాలతో కలిపి 12 నుంచి 15 గ్రాములు. పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు. ఇంచుమించు ఒక చిన్న భోజనమంత. దీన్ని తిండిగా ఎవరూ లెక్కపెట్టరు, సూదీ వేసుకోరు. మధ్యాహ్నం అన్నం ముందు 260 చూసి, పొద్దుటి డోసు తక్కువైందని పెంచేస్తారు. తప్పు టిఫిన్ సూదిది కాదు, పదకొండింటి చాయ్‌ది. ముందు ఆ చాయ్‌ని పుస్తకంలో రాయండి. ఆ తర్వాత దానికి ఒక యూనిట్ వేసుకోవాలా, పంచదార లేకుండా అడిగి తెచ్చుకోవాలా అన్నది మీ ఇష్టం.

ఇక బిర్యానీ.

మామూలు ప్లేటులో 300 గ్రాముల అన్నం ఉంటే 84 గ్రాముల కార్బ్స్, పైన చెప్పిన అమ్మాయికి 7 యూనిట్లు. లెక్క సరిగ్గానే ఉంది, అయినా రాత్రి రెండింటికి చక్కెర 300 ఉంటుంది. ఈ అనుభవం లేని టైప్ వన్ ఇల్లు హైదరాబాద్‌లో ఉండదేమో. కారణం నెయ్యి, నూనె, మాంసం. కొవ్వు కడుపులోంచి తిండి కిందికి దిగడాన్ని నెమ్మది చేస్తుంది. వేగంగా పనిచేసే ఇన్సులిన్ గంట నుంచి రెండు గంటల్లో పూర్తి జోరు మీద ఉంటుంది, ఆ వేళకు అన్నం ఇంకా కడుపులోనే ఉంటుంది. అందుకే కొందరికి బిర్యానీ తిన్న గంటన్నరకు ‘లో’ కూడా అవుతుంది. ఇన్సులిన్ జోరు తగ్గే మూడో నాలుగో గంటకు చక్కెర ఎక్కడం మొదలవుతుంది. దానికి తోడు, ఎక్కువ కొవ్వు తిన్నప్పుడు కొన్ని గంటల పాటు ఇన్సులిన్ మామూలు కంటే తక్కువగా పనిచేస్తుంది, మాంసకృత్తుల నుంచి కూడా కొంత చక్కెర తయారవుతుంది. అన్నం తక్కువ తిన్నా తెల్లారేసరికి చక్కెర ఎక్కువ ఉండటం వింతేమీ కాదు.

దీనికి నేను చెప్పే పద్ధతి ముందు చూడటం, తర్వాత మార్చడం. బిర్యానీ తిన్న రోజు తినే ముందు, రెండు గంటలకు, నాలుగు గంటలకు, ఆరు గంటలకు చక్కెర చూసి రాయండి. సెన్సర్ ఉంటే ఆ గీత దాచుకోండి. రెండు మూడు బిర్యానీల రాతలు పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లి, డోసును రెండు ముక్కలుగా వేసుకోవచ్చా అని అడగండి. ఎక్కువ భాగం తినే ముందు, మిగిలింది గంట గంటన్నర తర్వాత. మొత్తం డోసు కొంత పెంచాలా, ఎంత పెంచాలి అన్నదీ ఆయనే చెప్పాలి. పంపు వాడేవాళ్లకు ఇదే పనిని గంటల మీద పరచి చేసే సదుపాయం మిషన్‌లోనే ఉంటుంది. రాత్రి పన్నెండుకు తిని పడుకుంటే మూడింటికి అలారం పెట్టుకోవాల్సిందే. పిల్లవాడు నిద్రలో ఉండగానే అమ్మ వేలు గుచ్చి చూడొచ్చు, లేపక్కర్లేదు.

పెళ్లిలో వేసుకోవాల్సింది ఎప్పుడు? బేసల్ సూది ఇంటి దగ్గరే దాని వేళకు. భోజనం పెన్ను మీతో రావాలి. మామూలు రోజుల్లో వేగంగా పనిచేసే ఇన్సులిన్‌ను తినే ముందు పది పదిహేను నిమిషాలకు వేసుకోవడం మంచిది. ఫంక్షన్ హాల్లో ఆ పది నిమిషాలు వదిలేసుకోండి. పళ్లెం ముందుకు వచ్చాకే వేసుకోండి. వడ్డించేవాళ్లు ‘ఔర్ లో బేటా’ అంటూ ఎంత వేస్తారో తెలియనప్పుడు, తప్పకుండా తినగలిగినంతకు ముందు వేసుకుని, మిగతాది తినడం అయ్యాక వేసుకోవచ్చు. చక్కెర కొంచెం ఎక్కితే ఎక్కనీయండి. ఆ జనంలో ‘లో’ కంటే అది నయం.

ఈ వెసులుబాటంతా వేగంగా పనిచేసే ఇన్సులిన్ ఉన్నవాళ్లకు. ప్రభుత్వ ఆసుపత్రుల్లో సాధారణంగా దొరికేది వయల్‌లో వచ్చే రెగ్యులర్, లేదంటే 30/70 మిక్సు. రెగ్యులర్‌ను తినే ముందు అరగంటకు వేసుకోవాలి, దాని జోరు రెండు నుంచి నాలుగు గంటల మధ్య, ప్రభావం ఆరు నుంచి ఎనిమిది గంటలు. మిక్సులో భోజనం ఇన్సులిన్, నెమ్మదిది కలిసే ఉంటాయి, ఒకదాన్ని మార్చకుండా రెండోదాన్ని మార్చలేం. మిక్సు వేసుకునే పిల్లలు పెళ్లిరోజు రాత్రి భోజనం ఇంట్లోనే దాని వేళకు తినాలి. హాల్లో అందరితో కూర్చుని నాలుగు ముక్కల కబాబ్ తింటే చాలు. రోజుకు రెండు మిక్సు సూదులతో ఈ ఊళ్లో బతకడం కష్టం, ‘బేసల్ వేరు, భోజనానిది వేరు పద్ధతికి మారొచ్చా’ అని ఉస్మానియాలోనో నిలోఫర్‌లోనో మీరు చూపించుకునే చోట నోరు తెరిచి అడగండి. రెగ్యులర్, నెమ్మదిగా పనిచేసే ఎన్‌పీహెచ్ వయల్స్‌తో కూడా ఆ పద్ధతి నడుస్తుంది. సూదులు ఎక్కువవుతాయి, స్వేచ్ఛా ఎక్కువవుతుంది.

వయల్ వాడేవాళ్లు సిరంజి మూత రంగు చూడకుండా మందుల షాపు మెట్లు దిగకండి. మన దేశంలో వయల్స్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్లవి, వాటికి ఎర్ర మూత సిరంజి. పెన్ను కాట్రిడ్జ్‌లు 100 యూనిట్లవి, ఆ బలం ఉన్న వయల్స్‌కు నారింజ మూత సిరంజి. పెన్ను పాడైందని కాట్రిడ్జ్‌లోంచి ఎర్ర మూత సిరంజితో 10 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్లేది 25 యూనిట్లు. రెండున్నర రెట్లు. ఇది మనిషిని చంపగల పొరపాటు. కాట్రిడ్జ్‌లోంచి సిరంజితో ఎప్పుడూ లాగకండి. ఇంటికి ఒక స్పేర్ పెన్ను ఉంచుకోండి.

రంజాన్ గురించి రాయకుండా ఈ అధ్యాయం పాతబస్తీది కాదు. జబ్బు మనిషికి ఉపవాసం నుంచి మినహాయింపు ఖురాన్‌లోనే ఉంది. 2001లో 13 దేశాల్లో జరిగిన ఎపిడియార్ అధ్యయనంలో టైప్ వన్ ఉన్నవాళ్లకు రంజాన్ నెలలో తీవ్రమైన ‘లో’లు మిగతా నెలలకంటే 4.7 రెట్లు ఎక్కువయ్యాయి. రోజా ఉండవద్దనే నా సలహా. అయినా ఉండి తీరతామనే యువకులను కసిరి పంపేస్తే వాళ్లు డాక్టరుకు చెప్పకుండా ఉంటారు, అది ఇంకా ప్రమాదం. నెలన్నర రెండు నెలల ముందే డాక్టరును కలవాలి. సహ్రీ, ఇఫ్తార్ డోసులు ఆయన మార్చి రాసివ్వాలి. వేలు గుచ్చి చక్కెర చూసుకుంటే రోజా చెడదని ఉలేమాలే చెబుతున్నారు, కాబట్టి పగలు కూడా చూసుకోవాలి. 70 కంటే దిగినా, 300 దాటినా, ఒంట్లో బాగాలేకపోయినా ఆ క్షణమే విరమించాలి. మగ్రిబ్‌కు అయిదు నిమిషాలే ఉన్నా సరే.

ఇఫ్తార్‌ను ఒకే భోజనంగా లెక్కపెట్టకండి. చిన్న ఖర్జూరం ఒకటి 5, 6 గ్రాములు, పెద్ద మెడ్జూల్ 16 నుంచి 18. దాని వెంట షర్బత్, పండ్ల ముక్కలు వేగంగా ఎక్కుతాయి. గంట తర్వాత వచ్చే హలీం గోధుమ రవ్వ, మాంసం, నెయ్యితో నెమ్మదిగా ఎక్కుతుంది, బిర్యానీ కంటే కార్బ్స్ తక్కువ. తరావీహ్ నమాజు తర్వాత మళ్లీ తిండి ఉంటే అది మూడోది. దేని సూది దానికే, ఒకదాని మీద ఒకటి పడకుండా.

లాల్‌దర్వాజా, గౌలిపురా, ఉప్పుగూడ తెలుగు ఇళ్లలో ఆషాఢం బోనాల నాడు ఇదే చిక్కు వేరే రూపంలో వస్తుంది. సింహవాహిని అమ్మవారికి బోనం సమర్పించి వచ్చేదాకా ఇంట్లో ఎవరూ అన్నం ముట్టరు, లైన్లోనే మూడు నాలుగు గంటలు గడిచిపోతాయి. తల్లి ఉపవాసం తల్లిది. టైప్ వన్ ఉన్న పిల్లకు దాని వేళకు దానికి పెట్టండి, అమ్మవారు ఏమీ అనుకోదు. ప్రసాదం బెల్లం అన్నం చిన్న గిన్నెడు కూడా లెక్కలో వేయండి.

ఎంత లెక్క చూసుకున్నా ‘లో’ ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. 70 కంటే దిగితే 15 గ్రాముల చక్కెర, అంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. చిన్నపిల్లలకు ఇంకా తక్కువ చాలు, కొలత డాక్టరును అడగండి. మిఠాయి, చాక్లెట్ వద్దు, వాటిలో కొవ్వు ఆలస్యం చేస్తుంది. పదిహేను నిమిషాలకు మళ్లీ చూసి, ఇంకా తక్కువుంటే మళ్లీ అంతే. అన్నం ముందు కూర్చున్నప్పుడే ‘లో’ ఉంటే ముందు పంచదార, రీడింగు 70 దాటాక తిండి, సూది. స్పృహ తప్పినవాళ్ల నోట్లో ఏమీ పోయకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఇంట్లో చక్కెరను పెంచే గ్లూకగాన్ మందు ఉంటే ఇచ్చి 108కి ఫోన్ చేయండి. గల్లీ ఇరుకైతే ఒకరు మెయిన్ రోడ్డుకు పరుగెత్తి అంబులెన్సుకు దారి చూపాలి.

ఇవన్నీ తెలిసీ సూది వేసుకోని పిల్లలున్నారు, ముఖ్యంగా ఆడపిల్లలు. సంబంధాలు రావని ఇంట్లోనే దాచమంటారు. బాత్రూమ్‌లోకి వెళ్లి వేసుకోవడం, అదీ కుదరకపోతే ఆ పూట ఎగ్గొట్టడం. ఎగ్గొట్టిన ప్రతి సూదీ ఆ పిల్ల కళ్ల మీద, కిడ్నీల మీద పడుతుంది. దాచమని చెప్పే నోటితోనే ‘ఇక్కడే కూర్చుని వేసుకో అమ్మా’ అనండి. 4 మిల్లీమీటర్ల సూది, పొట్ట మీద దుపట్టా చాటున అర నిమిషం పని.

బడికి కూడా చెప్పాలి. 2017లోనే సీబీఎస్ఈ బోర్డు పరీక్ష హాల్లోకి డయాబెటిస్ ఉన్న పిల్లలు తినేవి తెచ్చుకోవచ్చని అనుమతించింది. మీ బోర్డు ఏదైనా హెడ్‌మాస్టరుకు ఒక కాగితం రాసివ్వండి. లంచ్ బెల్లు ఎన్నింటికో, సూది ఎక్కడ కూర్చుని వేసుకుంటుందో, ఆటల పీరియడ్ ముందు చక్కెర చూసుకోనివ్వాలని, సంచిలో పంచదార పొట్లం ఉంటుందని, ‘లో’ అయినప్పుడు ఒంటరిగా ఎక్కడికీ పంపొద్దని, అమ్మ నంబరు, డాక్టరు నంబరు. ఒక కాపీ క్లాస్ టీచరుకు, ఒకటి పీఈటీ సారుకు, ఒకటి బెంచీలో పక్కన కూర్చునే స్నేహితురాలికి.